వీడియో ఆటలు: అమ్మకమా, కౌలా?

వెలయిచ్చి కొనిన వస్తువును కొనినవాడు తన యిష్టము వచ్చినపుడు మరల నమ్ముకొనవచ్చుననుట లోకమున నెల్లరు నెరిగిన సంగతి. ఒకడు భూమి కొని, దస్తావేజు వ్రాయించుకొని, రిజిస్ట్రీ చేయించుకొని, పట్టా తన పేర మార్పించుకొనెననుకొందము. పిమ్మట పాత యాసామి వచ్చి, “నీవీ భూమిని నా సెలవు లేక యొరుల కమ్మరాదు, అమ్మితివా, కొనినవాడు నాకు వేరుగ కొంత సొమ్ము చెల్లించినగాని యీ బావినీరు వాడుకొనరాదు” అని పలికినచో గ్రామమునందలి పెద్దలు నవ్వి యతనిని సాగనంపుదురు. ఇట్టి మాటయే ప్రపంచమునందలి గొప్ప వ్యాపారములలో నొకటియైన వీడియో ఆటల వ్యాపారమున నిరువదియైదేండ్లకు పైబడి వినవచ్చుచున్నది. విని నవ్వినవారు కొందరు, కోర్టు కెక్కినవారు కొందరు, ఊరకుండినవా రనేకులు. ఊరకుండినవారి మూలముననే యా మాట క్రమక్రమముగ చెల్లుబడి యగుచున్నది.

ఆటలు పిల్లల వ్యవహారము, దీనికింత చర్చ యేల యని కొందరు పాఠకులు తలపవచ్చును. మన దేశమున నొక పెద్ద ఆట డిస్కు వెల వేల రూపాయలలో నున్నది. ఆ సొమ్ము చెల్లించువారు పిల్లలు కారు, వారి తల్లిదండ్రులు. వెలమాట యటుండనిండు. అమ్మినవాని హక్కు ఎచ్చట ముగియును, కొనినవాని హక్కు ఎచ్చట మొదలగును అను ప్రశ్నము ఆటలతో నాగునది కాదు. ఆటల విషయమున నెగ్గిన వాదము మరియొక వస్తువు విషయమున తల చూపనే చూపినది. ఆ సంగతి తరువాత చెప్పెదము.

వ్యాపారము నడచు తీరు తెలియనివారికై రెండు మాటలు. టెలివిజనునకు తగిలించి యాడుకొను యంత్రములను ముఖ్యముగ మూడు కంపెనీలు చేయుచున్నవి: జపానుకు చెందిన సోనీ, నింటెండోలు, అమెరికాకు చెందిన మైక్రోసాఫ్టు. వానిలో నాడు ఆటలను ఈ కంపెనీలును, వేరు ప్రచురణ కంపెనీలును డిస్కులమీదను కార్ట్రిడ్జీలలోను నింపి యమ్మును. అమెరికాలో 2005 ప్రాంతము మొదలు పదునైదేండ్లపాటు కొత్త ఆట వెల సాధారణముగ 60 డాలర్లు. ఆడి ముగించిన కుర్రవాడు డిస్కును దుకాణమునకు తెచ్చును. దుకాణదారు దానికి ఇరువదియో ముప్పదియో డాలర్లు లెక్కగట్టి, అదే డిస్కును 55 డాలర్లకు కొత్తవాని ప్రక్కనే నిలుపును. టెక్సాసు రాష్ట్రమున ముఖ్యకార్యాలయము గల గేమ్‌స్టాప్ అను దుకాణముల సంస్థ ఈ వ్యాపారముతోనే బలిసినది. 2010 ప్రాంతమున దాని యమ్మకములలో పాత ఆటల వంతు నాలుగవ పాలికి కొంచెము మించియుండగా, స్థూలలాభమున వాని వంతు నూటికి నలుబదికి మించియుండెను.

ప్రచురణకర్తల కంటిలో నిది నలుసైనది. వారి మొరను న్యాయముగ వినవలెను. పుస్తకము చేతులు మారినకొలది నలుగును, చినుగును. డిస్కులోని యాట పదవవానికిని మొదటివానికి వలెనే కొత్తగ నుండును. పదిమంది యాడిన డిస్కుమీద కంపెనీకి ముట్టినది ఒక్కని వెలయే. అదిగాక, ఇంటర్నెట్టుమీద నలుగురు కూడి యాడు ఆటలకు సర్వరులను నడుపు ఖర్చు కంపెనీదే. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని మోటారుకారు నమ్మిన కంపెనీ, ఆ కారు నాలుగవ చేతికి పోయినపుడు వాటా యడుగుచున్నదా? పాత ఆట నమ్మిన కుర్రవాడు ఆ సొమ్మును ఏమి చేయుచున్నాడు? గేమ్‌స్టాప్‌వారి లెక్క ప్రకారము, తాము పాత ఆటలకు కట్టిన విలువలో నూటికి డెబ్బది పాళ్లు వెంటనే కొత్త ఆటల కొనుగోలునకే పోవుచుండెను. దుకాణదారు తన వ్యాపారమును గూర్చి తాను చెప్పుకొనిన లెక్క గనుక కొంత తగ్గించియే గ్రహింతము. ఐనను, అక్కర తీరినపుడు మరల నమ్ముకొనవచ్చునను ధైర్యముండుటచేతనే యనేకులు నిండు వెల పెట్టి కొత్తది కొనుచున్నారనుట ఎడ్లసంతకు పోయివచ్చిన రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. మరల సంతకు తోలరాదను షరతుమీద నమ్మజూపిన యెద్దునకు ఎవడు నిండు ధర యిచ్చును?

ఈ తగవు కొత్తది కాదు. నూరేండ్లకు పూర్వము పుస్తకముల విషయమున నచ్చముగ నిదియే జరిగెను. అమెరికాలో బాబ్స్-మెరిల్ అను ప్రచురణ సంస్థ “ది కాస్టవే” యను నవలను ప్రకటించి, అందొక హెచ్చరిక ముద్రించెను. పుస్తకము వెల ఒక డాలరనియు, అంతకు తక్కువకు అమ్ముటకు ఏ వర్తకునకును అనుమతి లేదనియు, అమ్మినచో గ్రంథస్వామ్యమునకు భంగము చేసినట్లు ఎంచెదమనియు దాని తాత్పర్యము. న్యూయార్కునందలి మేసీ దుకాణమువారు ఆ హెచ్చరిక నెరిగియు ప్రతిని 89 సెంట్ల కమ్మిరి. వ్యాజ్యము సుప్రీముకోర్టు దాక పోయెను. 1908వ సంవత్సరము జూను 1వ తేదీన న్యాయమూర్తులు ప్రచురణకర్తకు వ్యతిరేకముగ తీర్పు చెప్పిరి. ప్రతులు అచ్చువేసి యమ్ముకొను హక్కు గ్రంథస్వామిదే. కాని యొక ప్రతిని తాను తగిన వెలకు అమ్మివేసిన పిమ్మట, అది యే ధరకు చేతులు మారవలెనో శాసించు నధికార మతనికి లేదని ఆ తీర్పు సారము. మరుసటి యేట చేయబడిన గ్రంథస్వామ్యపు చట్టమున ఈ న్యాయము చేర్పబడెను. అమెరికా న్యాయవాదులు దీనిని ప్రథమవిక్రయ న్యాయమందురు. పేరు మనకు కొత్తయైనను న్యాయము కొత్తది కాదు. హైదరాబాదునందలి ఆబిడ్సులో ఆదివారమునాడు కాలిబాటపై పరచు పాత పుస్తకముల బజారు ఏ ప్రచురణకర్త సెలవుతో నడచుచున్నది? అచ్చట సగము ధరకు కొనిన గ్రంథములతో పరీక్షలు దాటినవారు మన పాఠకులలోనే యెందరో యుందురు.

ఆటల కంపెనీలు ఈ న్యాయమును పెకలింప యత్నించిన పెద్ద రంగము జపాను. 1990 దశకము కడపట ఆ దేశమున పాత ఆటల దుకాణములు విస్తరింపగా, కంపెనీలు పెట్టెలమీద పాతవి యమ్మరాదను గుర్తును ముద్రించినవి. బాబ్స్-మెరిల్ వారి హెచ్చరిక మరల పుట్టెనన్నమాట. గుర్తును దుకాణదారులు లెక్కచేయలేదు, వ్యాజ్యములు నడచినవి. కంపెనీల వాదము చమత్కారమైనది. జపాను చట్టము ప్రకారము చలనచిత్రపు స్వామికి విశేషమైన పంపిణీ హక్కు కలదు. ఫిలిము ప్రతి ఏ థియేటరు నుండి యే థియేటరునకు పోవలెనో నిర్ణయించు హక్కది. ఆటలోను బొమ్మలు కదలుచున్నవి గదా. కావున ఆటయు చలనచిత్రమే. కావున మా సెలవు లేక చేతులు మారరాదని వారనిరి. 1999 మే నెలలో టోకియో జిల్లాకోర్టు దుకాణదారుల పక్షమునను, అదే యేట అక్టోబరులో ఒసాకా జిల్లాకోర్టు కంపెనీల పక్షమునను తీర్పు చెప్పినవి. ఒకే దేశము, ఒకే చట్టము, అయిదు నెలల యెడము, రెండు తీర్పులు! 2001లో రెండు నగరముల హైకోర్టులును దుకాణదారులనే సమర్థించినవి. 2002వ సంవత్సరము ఏప్రిలు 25వ తేదీన సుప్రీముకోర్టు తగవు తీర్చెను. ఆట చలనచిత్రమేయని యొప్పుకొనియే న్యాయమూర్తులు కంపెనీలను ఓడించుట గమనింపదగినది. థియేటర్లలో త్రిప్పు ఫిలిములకై పుట్టిన యధికారము, అంగడిలో ప్రజలకు అమ్మివేసిన ప్రతులమీద నిలువదనియు, మొదటి యమ్మకముతోనే యది తీరిపోవుననియు వారు నిర్ణయించిరి. కాప్‌కాం, కోనామీ, నామ్‌కో వంటి పేరుమోసిన సంస్థలు ఆ దినమున ఓడినవి.

కోర్టులలో దొరకని గెలుపును ఆటల కంపెనీలు యంత్రశాలలో వెదకినవి. చట్టము అమ్మిన వస్తువునకు గదా వర్తించును. వస్తువులో కొంత భాగమును విడదీసి తమవద్దనే యుంచుకొనినచో? అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ 2010లో ఆన్‌లైన్ పాసు అను పద్ధతిని ప్రవేశపెట్టెను. కొత్త ఆట పెట్టెలో నొక రహస్య సంఖ్య యుండును. అది యొక్కమారే చెల్లును. ఆ డిస్కును తరువాత కొనిన రెండవవానికి, ఇంటర్నెట్టుమీద నితరులతో నాడు భాగము మూతపడియుండును. తెరిపించుకొనుటకు 10 డాలర్లు కంపెనీకి కట్టవలెను. మేము మొదట చెప్పిన బావినీటి కప్పము ఇదియే. టైగర్ వుడ్స్ పేరిటి గోల్ఫు ఆటతో మొదలైన యీ పద్ధతిని టిహెచ్‌క్యూ, యూబిసాఫ్టు, సోనీ కంపెనీలు తమ తమ పేరులు పెట్టి యనుసరించినవి. సర్వరుల ఖర్చు కొరకే యిది యని వారు చెప్పుకొనిరి. ఐనచో 2011లో వచ్చిన బ్యాట్‌మ్యాన్: ఆర్ఖమ్ సిటీ యాటలో, ఒంటరిగ గూర్చుండి యాడుకొను కథలోని క్యాట్‌వుమన్ పాత్ర ఘట్టములను కూడ ఇట్టి సంఖ్య వెనుక తాళము వేయుట యెందులకు? ఒంటరి కథకు సర్వరుతో బనిలేదు. ఆటగాండ్రకు రుచింపనందున 2013 మే నెలలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తన పాసును మానుకొనెను.

అదే నెలలో మైక్రోసాఫ్టు అంతకంటె పెద్ద సాహసమునకు దిగెను. 2013 మే 21వ తేదీన వారు ఎక్స్‌బాక్స్ వన్ అను కొత్త యంత్రమును ప్రకటించిరి. తరువాత వెల్లడించిన నియమముల ప్రకారము, ఆ యంత్రము 24 గంటల కొకమారు ఇంటర్నెట్టుద్వారా కంపెనీకి హాజరు పలుకవలెను. పలుకకున్న ఆటలు నడువవు. పాత ఆటలను కంపెనీతో నొడంబడిక గల దుకాణములలోనే, అదియు ప్రచురణకర్త సమ్మతించిననే, అమ్మవలెను. స్నేహితునకు ఊరక యియ్యవలెనన్నను, అతడు ముప్పది దినములనుండి కంపెనీవారి జాబితాలో నీ స్నేహితుడుగ నమోదై యుండవలెను. ఒక ఆటను ఒకమారే యియ్యవలెను. మిత్రత్వమునకు గడువు నిర్ణయించిన వర్తకులను మేమంతకుముందు విని యెరుగము.

జూను 10వ తేదీన లాస్ ఏంజిలీసు నగరమున జరిగిన ప్రదర్శనసభలో సోనీ ప్రతినిధి లేచి, తమ ప్లేస్టేషన్ 4 యంత్రమున పాత ఆటల కేయడ్డంకియు నుండదని ప్రకటింపగా సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను. వెల 399 డాలర్లు. మైక్రోసాఫ్టు యంత్రపు వెల 499. ఆటను మిత్రునితో పంచుకొను విధానమును బోధించుచున్నట్లు సోనీవారు ఒక చిన్న చిత్రమును గూడ విడిచిరి. ఒకడు డిస్కును రెండవవాని చేతి కందిచ్చెను. అతడు వందనము చెప్పెను. అంతటితో చిత్రము సమాప్తము. తొమ్మిది దినములు గడచునప్పటికి, జూను 19న, మైక్రోసాఫ్టు తన నియమములను ఉపసంహరించుకొనెను. ఐనను మచ్చ మాయలేదు. సోనీ యంత్రము తమదానికి రెండింతలకు మించి యమ్ముడుపోయినదని 2022లో బ్రెజిలు దేశపు పోటీరక్షణ సంస్థకు సమర్పించిన పత్రములలో మైక్రోసాఫ్టువారే యొప్పుకొనిరి. వెల మొదలగు నితర కారణములు లేకపోలేదు. కాని యా రెండు వారముల యప్రతిష్ఠను మరచినవారు లేరు.

ప్రజాభిప్రాయము గెలిచినదని యప్పుడనేకులు సంతోషించిరి. గెలిచినది నిజమే. గెలిచినది డిస్కునకు మాత్రమే. డిస్కు నమ్ముకొను హక్కును తీసివేయుట సాధ్యము కానపుడు డిస్కునే తీసివేయవచ్చునను సంగతి కంపెనీలకు తోచకుండునా? 2019 మే నెలలో మైక్రోసాఫ్టు డిస్కు దూరుటకు సందే లేని ఎక్స్‌బాక్సు నొకదానిని అంగడి కెక్కించెను. 2020 నవంబరులో సోనీ డిస్కులేని ప్లేస్టేషన్ 5ను, డిస్కు గలదానికంటె 100 డాలర్లు తక్కువ వెలకు పెట్టెను. 2024 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో ఎక్కువ వెలదే యైనను అందును డిస్కుపెట్టె లేదు. కావలసినవారు వేరుగ కొని తగిలించుకొనవలెను. బలాత్కార మెచ్చటను లేదు. నూరు డాలర్లు మిగిలినవని కొనినవాడు సంతోషించుచున్నాడు. ఆ దినము మొదలు అతనికి అంగడి యొక్కటే. ఆ యంగడి యంత్రము చేసిన కంపెనీదే. ధర వారు చెప్పినదే. ఆడి ముగించిన యాటను అమ్ముకొనుటకు చేతిలో వస్తువు లేదు.

2025 జూను 5వ తేదీన విడుదలైన నింటెండో స్విచ్ 2 యంత్రమున మరియొక విచిత్రము కలదు. కొన్ని ఆటలకు కార్డు నమ్ముదురు. ఆ కార్డులో ఆట యుండదు, తాళపుచెవి మాత్రముండును. ఆటను ఇంటర్నెట్టునుండి దించుకొనవలెను. ఈ కార్డును మరల నమ్ముకొనవచ్చును. ఆ మాత్రపు న్యాయమును నింటెండో పాటించినదని యొప్పుకొనవలెను. కాని యాటను దించు సర్వరు కంపెనీది. అదే కంపెనీ తన పూర్వయంత్రములైన 3డీఎస్, వీ యూల అంగడిలో కొనుగోళ్లను 2023 మార్చి 27వ తేదీన మూసివేసెను. సర్వరు నిలిచిన దినమున తాళపుచెవి చేతనుండియు ఇల్లుండదు.

దించుకొనిన యాటను అమ్ముకొను హక్కు కొరకు కోర్టుకు పోయినవారు లేకపోలేదు. 2012 జులై 3వ తేదీన ఐరోపా సమాఖ్య న్యాయస్థానము, దించుకొనిన కంప్యూటరు ప్రోగ్రామును గూడ మరల నమ్ముకొనవచ్చునని యొరాకిల్ కంపెనీ వ్యాజ్యమున తీర్పు చెప్పుటచే పలువురికి ఆశ గలిగెను. ఆ ధైర్యముతో ఫ్రాన్సు దేశపు వినియోగదారుల సంఘ మొకటి, కంప్యూటరు ఆటలకు మిక్కిలి పెద్ద యంగడియైన స్టీమ్‌ను నడుపు వాల్వ్ కంపెనీపై వ్యాజ్యము వేసెను. 2019 సెప్టెంబరులో పారిసు కోర్టు వినియోగదారుల పక్షమున తీర్పిచ్చెను. 2022 అక్టోబరులో అప్పీలుకోర్టు దానిని త్రిప్పివేసెను. 2024 అక్టోబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము అప్పీలు తీర్పునే స్థిరపరచెను. ఆట వట్టి ప్రోగ్రాము కాదు, అందు చిత్రములు, సంగీతము, కథ కలసియున్నవి, కావున ప్రోగ్రాముల న్యాయము దీనికి పట్టదు అనునది కంపెనీకి జయము తెచ్చిన వాదము. ఆట చలనచిత్రమని జపానులో వాదించి యోడిన వర్గమువారు, ఆట వట్టి ప్రోగ్రాము కాదని పారిసులో గెలిచిరి. అమెరికాలో ఆటోడెస్క్ వ్యాజ్యమున 2010లోనే ఒక అప్పీలుకోర్టు, ప్రోగ్రాముతోబాటు వచ్చిన పత్రమున లైసెన్సని వ్రాసి, బదిలీని నిషేధించి, వాడుకపై కట్టుబాట్లు పెట్టియున్నచో, కొనినవాడు యజమాని కాడు, అనుభవదారుడే యని నిర్ణయించియుండెను.

అనుభవదారుడే యైనచో ఆ మాటను ముందుగ చెప్పవలదా? ఇంతకాలము అంగడిలో బొత్తాముమీద “కొనుము” అని వ్రాసి, ఎవరును చదువని నలుబది పుటల యొడంబడికలో కౌలని వ్రాయుచు వచ్చిరి. క్రయదస్తావేజు చదివి వినిపించి కౌలునామామీద వ్రేలిముద్ర వేయించుకొను కరణమును మనము మోసగాడందుము. కాలిఫోర్నియా రాష్ట్రము 2024 సెప్టెంబరులో నొక చట్టము చేసి, ఇచ్చుచున్నది లైసెన్సు మాత్రమేయని స్పష్టముగ తెలుపక “కొనుము” అను మాటను వాడరాదని శాసించెను. అది 2025 జనవరి 1 నుండి యమలులోనికి వచ్చెను. 2024 అక్టోబరులోనే స్టీమ్ తన యంగడిలో, మీరు పొందుచున్నది లైసెన్సు అను పంక్తిని చేర్చెను. మంచిదే. కాని పేరు కౌలైనను ధర మాత్రము క్రయపుధరయే. విడుదలనాడు డిస్కు వెలయెంతో డిస్కులేని యాట వెలయు సాధారణముగ నంతే. కౌలునకు గడువైన నుండును. దీనికి గడువును లేదు. 2014లో విడుదలైన ది క్రూ అను కార్ల పందెపు ఆట సర్వరులను యూబిసాఫ్టు కంపెనీ 2024 మార్చి 31వ తేదీన నిలిపివేసెను. ఒంటరిగ నాడదలచినవారికి గూడ ఆట ముగిసెను. డిస్కు కొనిన వారి చేతిలో డిస్కు మిగిలినది. ఇట్టివి మానిపింపవలెనని ఐరోపాలో నడచిన మహజరునకు 2025 జులై నాటికి పది లక్షలకు మించిన సంతకములు పడినవి.

పాత వస్తువుల అంగడి వలన మరియొక ప్రయోజనము కలదు; వర్తకలాభముకంటె నది గొప్పది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ 2023లో ప్రకటించిన పరిశీలనము ప్రకారము, 2010కి పూర్వము అమెరికాలో విడుదలైన యాటలలో నూటికి 87 నేడు ఏ కంపెనీ యంగడిలోను కొనుటకు దొరకవు. ఆ 87 ఆటలను న్యాయమార్గమున పొందుటకు పాత ప్రతియే ముఖ్యాధారము. కొనినవాడు అమ్ముకొనగలిగినందుననే అవి యీనాటి వరకు చేతులు మారుచు వచ్చినవి. 2023 అక్టోబరులో డిస్కు లేకయే మొదట విడుదలైన అలన్ వేక్ 2 వంటి యాటలు ముప్పదేండ్లకు ఎవరి యటకమీద దొరకును? దానికి డిస్కు మరుసటి యేట వచ్చినది. రానివి యెన్నియో కలవు.

తల చూపినదని మేము చెప్పిన రెండవ వస్తువు ట్రాక్టరు. 2015లో అమెరికా కాపీరైటు కార్యాలయమునకు జాన్ డీర్ కంపెనీ సమర్పించిన పత్రమున, ట్రాక్టరు కొనిన రైతునకు అందలి ప్రోగ్రాముమీద స్వామ్యము లేదనియు, బండి యున్నంతకాలము నడుపుకొనుటకు అనుమతి మాత్రమే కలదనియు వాదింపబడినది. ఇనుము రైతుది, లోపలి యాజ్ఞ కంపెనీది. మరమ్మతు విషయమున పుట్టిన వాదమది. అమ్మకము విషయమునకు రాకుండుటకు అడ్డేమియు లేదు. గోల్ఫు ఆట పెట్టెలోని రహస్య సంఖ్యకును దీనికిని గల చుట్టరికమును పొలము గల పాఠకులకు వివరింపనక్కరలేదు.

మన చట్టము సంగతి. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణము, కంప్యూటరు ప్రోగ్రాము ప్రతి అంతకుముందు అమ్ముడైనదైనను కాకున్నను దానిని అమ్ము హక్కు స్వామిదేయని చెప్పుచుండెను. 1999లో ఆ మాటలు తొలగింపబడినవి. చలనచిత్రముల విషయమున నిట్టి మాటలే 2012లో తొలగింపబడినవి. ఈ రెండు తొలగింపులును డిస్కు కొనినవానికి మేలుచేసినవని మా యభిప్రాయము. డిస్కు లేని కొనుగోలును గూర్చి ఆ చట్టమున స్పష్టమైన మాట యొక్కటియు లేదు. కాని 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనలను నిర్వచించి, వానిని విచారించుటకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నేర్పరచియున్నది. “కొనుము” అను బొత్తాము నొక్కించి కౌలు నిచ్చుట ఆ నిర్వచనమున పడునో లేదో ఆ సంస్థ తనంత తాను విచారింపవచ్చును. కొత్త చట్టముతో బనిలేదు. కాలిఫోర్నియాలో చేర్చిన యా యొక్క పంక్తిని, తెలుగుతో సహా దేశభాషలయందు, సొమ్ము చెల్లించు బొత్తాము ప్రక్కనే చేర్చుడని కంపెనీలను ఆజ్ఞాపించుటకు కొద్ది నెలలు చాలును.